పచ్చ అంటే ఏ పచ్చ?

ఆ పాప పొట్ట మీద, బొడ్డు చుట్టూ నాలుగు వాతలు ఉన్నాయి. ఒక్కొక్కటి పావలా బిళ్లంత. ఎన్నో ఏళ్ల కిందట మానిపోయినవి, చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. జెల్లీ పూసి ప్రోబ్‌ను వాటి మీదుగానే జరిపాను. జరుపుతుంటే వాటి అంచులు నా వేళ్లకు తగిలాయి కూడా. ఏ ముసలమ్మ పెట్టించిందో, పసిబిడ్డకు ఇంత పని చేస్తారా అని లోపల కోపం వచ్చింది. ఆ కోపంలో పడి అడగాల్సిన మాట అడగలేదు. ఎప్పుడు పెట్టించారు, దేనికి పెట్టించారు అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

అది 2004 ఏప్రిల్. కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్‌లో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. పాపకు పదకొండేళ్లు. ఊరు పత్తికొండ వైపు. అమ్మా నాయనా పొద్దున మొదటి బస్సెక్కి వచ్చి, డాక్టరుకు చూపించుకొని, ఆయన రాసిన చీటీతో మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నారు. చీటీలో రెండే ముక్కలు: కడుపునొప్పి, వాంతులు. పక్కన ‘అపెండిసైటిస్?’ అని ఒక ప్రశ్న గుర్తు.

స్కాన్ చేస్తుండగా తల్లి పక్కన నిలబడి చెప్తూనే ఉంది. “నెలకో రెండు నెల్లకో ఒగసారి లేస్తాది సార్ నొప్పి. ముడుసుకోని పండుకుంటాది. పచ్చగా కక్కుతాది. ఒగ పూటకంతా మళ్లా బాగైతాది, లేసి సంగటి తింటాది. బాగున్నప్పుడు సూస్తే ఏమీ లేదంటారు.”

నేను “ఊఁ” అంటూనే ఉన్నాను. నా కళ్లు తెర మీద, పొట్ట కుడివైపు కిందిభాగంలో అపెండిక్స్ కోసం వెతుకుతున్నాయి. చీటీ అడిగింది అదే కాబట్టి నేను వెతికిందీ అదే. పది నిమిషాలు వెతికాను, నొక్కి చూశాను, పక్కకు తిప్పి చూశాను. అపెండిక్స్ దొరకలేదు. దొరకకపోవడం మాకు కొత్త కాదు, స్కానింగులో అది చాలామందికి కనిపించదు. పేగుల నడుమ నాలుగైదు గ్రంథులు మాత్రం కొంచెం ఉబ్బి కనిపించాయి. ఆ వయసు పిల్లల్లో అవి సాధారణం. ఏదో ఒకటి దొరికింది కదా అని మనసు కుదుటపడింది. ‘గ్యాస్ అడ్డం వల్ల అపెండిక్స్ కనిపించలేదు. పేగుల పొరలో గ్రంథులు కొద్దిగా పెరిగాయి. మిగతా అవయవాలన్నీ సహజంగా ఉన్నాయి’ అని రాశాను. అలవాటు ప్రకారం నాలుగు చోట్ల తెరను ఆపి ఫొటోలు తీశాను. కాలేయం, మూత్రపిండం, గ్రంథులు, పాంక్రియాస్. చిన్న ప్రింటరులో నుంచి నున్నటి కాగితం మీద అవి చుట్టలాగా బయటికి వచ్చాయి. పాప ఆ చుట్ట చూసి నవ్వింది.

ఆ కాగితంలో పాప జబ్బు ఉంది. నా చేత్తో తీసి నేనే ఇచ్చాను.

*

మన పేగులు తల్లి కడుపులో ఎలా తయారవుతాయో కొంచెం చెప్పాలి. గర్భం ఆరో వారంలో పిండం పొట్టలో పేగుకు చోటు చాలదు. అందుకని అది బొడ్డుతాడులోకి బయటికి వెళ్తుంది. అక్కడే పెరుగుతుంది. పదో వారానికి తిరిగి లోపలికి వస్తుంది. ఈ రాకపోకల్లో గడియారం ముల్లుకు ఎదురుదిశలో మొత్తం 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడు పూర్తయితేనే దేని చోటులో అది కుదురుకుంటుంది. జీర్ణాశయం దాటాక వచ్చే డుయోడినమ్ వెన్నెముకకు అడ్డంగా ఎడమవైపుకు వెళ్లి అక్కడ కట్టుబడుతుంది. పెద్దపేగు మొదలు, దాన్ని అంటిపెట్టుకున్న అపెండిక్స్ కుడివైపు కిందికి వస్తాయి. ఈ రెండు కొసల మధ్య పేగును వెనకగోడకు పట్టి ఉంచే పొర ఎడమపై నుంచి కుడి కిందికి ఏటవాలుగా, పెద్దవాళ్లలో సుమారు 15 సెంటీమీటర్ల పొడవున అతుక్కుంటుంది.

చీర ఉయ్యాలను ఊహించుకోండి. రెండు కొసలూ దూరదూరంగా రెండు దూలాలకు కడితే ఊగుతుంది తప్ప మెలిపడదు. రెండు కొసలూ తెచ్చి ఒకే కొక్కేనికి కడితే, పిల్లలు తిప్పితే గిర్రున తిరుగుతుంది, తాడులా పురి పడుతుంది. పేగు తిరుగుడు మధ్యలో ఆగిపోయిన బిడ్డలో ఆ రెండు కొసలు దగ్గరగా ఉండిపోతాయి. మొత్తం చిన్నపేగు ఒకే కొక్కేనికి వేలాడినట్టు సన్నని కాడకు వేలాడుతుంది. ఆ కాడలోనే పేగుకు రక్తం తెచ్చే ధమని, తీసుకుపోయే సిర ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు అది మెలిపడుతుంది. కొందరికి దానంతటదే విప్పుకుంటుంది, నొప్పి పోతుంది, లేచి సంగటి తింటారు. విప్పుకోని రోజున రక్తం ఆగి, కొన్ని గంటల్లో పేగు నల్లబడుతుంది.

దీన్ని మాల్‌రొటేషన్ అంటారు. మెలిపడితే వాల్వులస్ అంటారు. జబ్బుగా బయటపడేది సుమారు ఆరువేల కాన్పుల్లో ఒకరికి అని పుస్తకాలు చెప్తాయి. బయటపడకుండా శరీరంలో ఉండిపోయేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. బయటపడేవాళ్లలో సగానికి పైగా పుట్టిన నెలలోపే బయటపడతారు. పెద్దయ్యాక బయటపడే వాళ్లు తక్కువ కాబట్టి, పెద్ద పిల్లల్లో ఎవరికీ గుర్తు రాదు. కర్నూలు మెడికల్ కాలేజీలో నేను చదువుకున్న రోజుల్లోనూ ఇది పరీక్షల కోసం చదువుకున్న అరపేజీ. పసిబిడ్డల జబ్బు అని నా తలలో ముద్ర పడిపోయింది. పదకొండేళ్ల పిల్ల పొట్ట మీద ప్రోబ్ పెట్టినప్పుడు ఆ అరపేజీ తెరుచుకోలేదు.

అపెండిక్స్ కుడివైపు లేకపోవడం గ్యాస్ వల్ల అనుకున్నాను. అది అక్కడ లేదు. పెద్దపేగు కుడివైపుకు రానేలేదు. లేని చోట పది నిమిషాలు వెతికి, గ్యాస్ మీదికి నెట్టాను.

*

2005 ఫిబ్రవరిలో పాప అమ్మా నాయనలతో కలిసి సుగ్గికి పోయింది. కర్నూలు పడమటి పల్లెలు తెలిసినవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు. పంటలు ఎండితే ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు నుంచి ఊళ్లకు ఊళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతాయి. చేనుగట్ల మీద గుడిసెలు వేసుకొని నెలల తరబడి ఉంటాయి. ఆ పాపకు నొప్పి ఒకసారి అక్కడ లేచేది, ఒకసారి ఇక్కడ లేచేది. అక్కడొక డాక్టరు నులిపురుగుల మందు రాస్తాడు, ఇక్కడొక డాక్టరు గ్యాస్‌కు రాస్తాడు. పన్నెండు నొప్పులు వస్తే పన్నెండుగురు చూశారు, పన్నెండూ కలిపి ఒక్కరూ చూడలేదు. కలిపి చూసింది తల్లి ఒక్కతే. ఆమె చెప్తుంటే నేను “ఊఁ” అన్నాను.

ఆ ఫిబ్రవరిలో నొప్పి ఒక పూటకు తగ్గలేదు. రాత్రంతా పచ్చగా కక్కింది. తెల్లవారేసరికి పాప ఒళ్లు చల్లబడింది. ఆ పక్కనున్న పెద్ద ఊళ్లో ఒక ఆసుపత్రిలో పొట్ట కోశారు.

ఇదంతా నాకు జూన్‌లో తెలిసింది. నాయన ఆ పిల్లను మళ్లీ మా సెంటర్‌కే తీసుకొచ్చాడు. “మీ కాడనే మొదట తీసినాం సార్, అందుకే మీ కాడికే తెస్తిమి.” చేతిలో పాలిథిన్ కవరు, అందులో అన్ని కాగితాలూ పోగు. డిశ్చార్జి చీటీ తీసి చదివాను. మాల్‌రొటేషన్, వాల్వులస్, పేగు కుళ్లింది, కోసి తీసేశారు, మిగిలిన చిన్నపేగు 70 సెంటీమీటర్లు. ఆ వయసులో నాలుగు మీటర్లకు పైగా ఉండాలి. పాప బల్ల ఎక్కి పడుకుంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నడిమికి నిలువునా కోత గుర్తు, దాని పక్కన ఆ నాలుగు వాతలు.

కవరు అడుగున నా నాలుగు ఫొటోలు ఉన్నాయి.

పాంక్రియాస్ కోసం తీసిన ఫొటో తీసి లైటు కింద పట్టుకున్నాను. ఆ చిత్రంలో వెన్నెముక ముందు రెండు గుండ్రాలు పక్కపక్కన కనిపిస్తాయి. తెల్లటి అంచుతో చిన్నగా ఉండేది ధమని. దాని పక్కన కాస్త పెద్దగా, నల్లగా, నొక్కితే నలిగేది సిర. మామూలు మనిషిలో సిర ధమనికి కుడివైపు ఉంటుంది. చిత్రంలో మనిషి కుడిచెయ్యి మన ఎడమచేతివైపు వస్తుంది కాబట్టి, పెద్ద గుండ్రం ఎడమపక్క కనిపించాలి. నా చేతిలోని ఫొటోలో పెద్ద గుండ్రం కుడిపక్క ఉంది. రెండూ తారుమారు. పాంక్రియాస్ బాగుందని చూపడానికి నేను ఆపిన చిత్రం అది. ఆ రెండు గుండ్రాలూ నడిమధ్యలో, ఎంత స్పష్టంగా ఉన్నాయో! ఏ పుస్తకానికైనా పనికొచ్చేటంత స్పష్టంగా ఉన్నాయి.

ఇవి తారుమారు కావడం ఒక్కటే చూసి జబ్బు ఖాయం చెయ్యలేం, ఆ మాటా చెప్పాలి. కొందరిలో జబ్బు లేకుండానే అలా ఉంటాయి, కొందరిలో జబ్బు ఉన్నా సరిగ్గానే ఉంటాయి. కానీ అలా కనిపించినప్పుడు బేరియంలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీయమని రాయాలి. డుయోడినమ్ వెన్నెముకను దాటి ఎడమవైపు పైకి చేరిందా, లేక కుడివైపే మెలికలు తిరిగి కిందికి జారిందా అన్నది అందులో తేలిపోతుంది. రాయడానికి ఒక వాక్యం చాలు. ఆ వాక్యం నేను రాయలేదు.

ఆ రోజు స్కాన్ చేశాను. నాయనతో ఏమీ చెప్పలేదు. ఫీజు తీసుకోవద్దని కౌంటరులో చెప్పాను. “ఈ ఫొటో నేను ఉంచుకోవచ్చా?” అని అడిగితే, “తీస్కోండి సార్, మాకేం జేసుకోను” అన్నాడు. పోతూ పోతూ దండం పెట్టాడు. డబ్బు తీసుకోనందుకు దండం. ఇన్నేళ్ల నా పనిలో దానికంటే బరువైన దండం ఎవరూ పెట్టలేదు.

*

ఆ తర్వాత చాలా రాత్రులు తల్లి మాట మీదే ఆగిపోయేవాణ్ని. పచ్చగా కక్కుతాది.

పచ్చ అంటే ఏ పచ్చ? మన తెలుగులో పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. పసుపు రాసిన గడపా పచ్చగానే ఉంటుంది, నీళ్లు పారిన మడీ పచ్చగానే ఉంటుంది. ఎవరికి ఏది కావాలో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, అందుకే మనకు ఆ మాటతో ఏ ఇబ్బందీ ఉండదు. రోగి మంచం దగ్గర మాత్రం ఉంటుంది. పసుపుపచ్చగా కక్కితే అది ఖాళీ కడుపు వాంతి కావచ్చు, చాలాసార్లు అంతే. ఆకుపచ్చగా, పసరులాగా కక్కితే అది పిత్తం. డుయోడినమ్‌లో పిత్తం కలిసే చోటు దాటాక ఎక్కడో దారి మూసుకుపోయి ఉండొచ్చని అర్థం. ఇక పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే, కాదని తేలేదాకా పేగు మెలిక అనే అనుకోవాలి. పిల్లల సర్జన్లు దీని మీద ఎవరి మాటా వినరు, వినకూడదు కూడా.

ఆ తల్లి ఏ పచ్చ చెప్పిందో నేను అడగలేదు. పచ్చ అనగానే నా చెవిలో పైత్యం అని పడింది. మా సీమలో మండుటెండలో బస్సెక్కి దిగిన ప్రతి రెండో మనిషీ పైత్యం కక్కానంటాడు. ఆ మాట వినీ వినీ అరిగిపోయింది నాకు.

ఇది తెలుగు వాళ్ల సంగతే కాదని తర్వాత తెలిసింది. 2006లో బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రంగుల పట్టీ ముందు పెట్టి, పసిబిడ్డ వాంతిలో పిత్తం ఏ రంగులో ఉంటుందో చూపించమని తల్లిదండ్రులను, కుటుంబ వైద్యులను అడిగారు. వాళ్లలో చాలామంది పసుపు మీద వేలు పెట్టారు. రెండు రంగులకు రెండు వేరు మాటలున్న భాషలోనే అట్లా జరిగితే, ఒకే మాటున్న మనం ఎంత జాగ్రత్తగా అడగాలి!

అప్పట్నుంచి నా బల్ల పక్క గోడ మీద రెండు ముక్కలు అంటించాను. ఒకటి పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డపేలిక. ఇంకొకటి కరివేపాకు పసరు పూసిన పేలిక. ఆకు పసరు పేలిక నెలకొకసారి మార్చాలి, రంగు మాసిపోతుంది. వాంతి అని ఎవరన్నా ఆ రెండూ చూపించి, ఏ పచ్చ అని అడుగుతాను. ఏమాత్రం అక్షరం రాని అవ్వ కూడా వేలు పెట్టి చూపిస్తుంది, ఒక్క క్షణం తడుముకోదు.

*

2007లో వారానికి రెండు రోజులు కడపలో స్కానింగులు చేసేవాణ్ని. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో పోయేది. ఒక సాయంత్రం చివరి పేషెంటుగా ఆరు రోజుల బిడ్డను తెచ్చారు. ముద్దనూరు అవతల పల్లె. పాలు తాగడం లేదు, కక్కుతోంది. పొట్ట పెద్దగా ఉబ్బలేదు, బిడ్డ మరీ నలిగిపోయినట్టూ లేదు. తెచ్చిన చీటీలో ‘పాలు పడటం లేదు?’ అని ఉంది.

అక్కడి గోడ మీద కూడా అంటించుకున్న పేలికలు చూపించబోయాను. బిడ్డ జేజి అవసరం లేదన్నట్టు సంచిలోంచి పక్కగుడ్డ తీసింది. “ఇదో సూడు నాయనా, ఉతకల్లేదు, డాక్టర్లకు సూపిద్దామని అట్లే పెట్టినా.” పాత తెల్ల పంచె ముక్క. దాని మీద అరచేయంత మరక. తోటకూర పిండితే వచ్చే రంగు.

ఆ గుడ్డ చూసినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఈసారి ప్రోబ్ నేరుగా పొట్ట పైభాగం మధ్యలో పెట్టాను. రెండు గుండ్రాల కోసం చూశాను. గుండ్రాలు నిలకడగా లేవు. ప్రోబ్‌ను కిందికి జరుపుతుంటే సిర ధమని చుట్టూ తిరుగుతోంది. రక్తం పారే దిశను రంగుల్లో చూపే కలర్ బటన్ నొక్కాను. ఎరుపు చుట్టూ నీలం, గడియారం ముల్లు తిరిగే దిశలో, సుడిలాగా. తుంగభద్ర కొత్త నీళ్లప్పుడు వంతెన కానాల దగ్గర పడే సుడి చూశారా, సరిగ్గా అట్లాగే. 1992లోనే ఫ్రాన్సు డాక్టర్లు దీన్ని వర్ణించి, సుడి గుర్తు అని పేరు పెట్టారు. పుస్తకంలో ఎన్నోసార్లు చూసిన బొమ్మ. బతికున్న బిడ్డ పొట్టలో అప్పుడే మొదటిసారి చూశాను.

రిపోర్టు టైపు చేయించడానికి ఆగలేదు. చేత్తోనే నాలుగు లైన్లు రాసి, తిరుపతిలో తెలిసిన పిల్లల సర్జన్‌కు ఫోను చేశాను. “సుడి కనపడింది, ఇంకే పరీక్షా వద్దు, తీసుకోండి” అన్నాను. అద్దె సుమోలో పంపించాం. బిడ్డకు ముక్కులోంచి గొట్టం వేసి, సెలైను పెట్టి పంపమని చెప్పింది ఆయనే. ఆ మాటా నాకు తట్టలేదు. అర్ధరాత్రి దాటాక పొట్ట తెరిచారు.

ఆ ఆపరేషన్ గురించి తర్వాత ఆయన చెప్తుంటే నోరు తెరుచుకొని విన్నాను. పేగు మొత్తాన్ని బయటికి తీసి, గడియారాన్ని వెనక్కి తిప్పినట్టు ఎదురుదిశలో తిప్పుతారు. ఒకటిన్నర చుట్టు విప్పాల్సి వచ్చిందట. ముదురు ఊదారంగులో ఉన్న పేగు మీద వేడి నీళ్ల గుడ్డ కప్పి కాచుకున్నారు. కొంతసేపటికి గులాబీ రంగుకు తిరిగింది. తర్వాత డుయోడినమ్‌కు అడ్డంగా పడిన పొరలను కోసి, దగ్గరపడిన కాడను వీలైనంత వెడల్పు చేసి, చిన్నపేగును కుడివైపూ పెద్దపేగును ఎడమవైపూ సర్దారు. అపెండిక్స్ తీసేశారు. ఎడమవైపుకు చేరిన అపెండిక్స్ ముందుముందు వాచితే ఇంకో డాక్టరు నాలాగే కుడివైపు వెతుకుతాడు కదా. బోస్టన్‌లో విలియం లాడ్ అనే సర్జన్ 1936లో చెప్పిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఆయన పేరుతోనే చేస్తారు. ఇందులో పేగును మామూలు మనిషి పేగు చోటుకు తీసుకెళ్లరు. అది పుట్టకముందు ఆగిపోయిన ప్రయాణం, ఇప్పుడు పూర్తి చేయలేం. మళ్లీ మెలిపడకుండా మాత్రం చేస్తారు.

ఆ బిడ్డ బతికాడు. జేజి ఉతకకుండా తెచ్చిన గుడ్డ వల్ల బతికాడని ఆ సర్జన్‌తో చెప్పాను. “నీ స్కాన్ వల్ల” అన్నాడాయన. కాదని గట్టిగా అన్నాను. ఆ గుడ్డ రాకపోతే నేను పాలు పడక కక్కుతున్నాడనే అనుకునేవాణ్నేమో. మూడేళ్ల కిందటి నేను తప్పకుండా అనుకునేవాణ్ని.

*

2009 అక్టోబరు 2న కర్నూలు ఊళ్లోకి తుంగభద్ర, హంద్రి నీళ్లు వచ్చాయి. మా వీధిలో నీళ్లు కిటికీలు దాటాయి. మేం మిద్దె మీద గడిపి బతికిపోయాం, అందరికీ ఆ అదృష్టం లేదు. నీళ్లు తీశాక ఇల్లంతా మోకాటి లోతు బురద. నా బల్ల సొరుగు ఊడి రాలేదు, సుత్తితో పగలగొట్టాను. లోపల ఆ ఫొటో ఉంది. ఉంది అంటే కాగితం ఉంది. ఆ రకం కాగితం మీద బొమ్మ మామూలుగానే ఏళ్లు గడిచేకొద్దీ మాసిపోతుంది, నీళ్లలో నాని ఉంటే ఇంకేం మిగులుతుంది? ఒక బూడిద మరక. రెండు గుండ్రాలు లేవు.

బురదలో అట్లాగే కూర్చున్నాను. ఆ ఫొటో ఉన్నన్నాళ్లూ ఎప్పుడో ఒకరోజు దాన్ని తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టి చెప్తాను అనుకుంటూ వచ్చాను. అనుకోవడంతోనే సరిపెట్టుకున్నాను నాలుగేళ్లు. ఇప్పుడు అది పోయింది. ఇక నేను తప్ప దానికి సాక్షి లేడు. నేను నోరు మూసుకుంటే అసలు జరగనట్టే. అది తట్టుకోలేకపోయాను.

డిసెంబరులో పోయాను. పాత రిజిస్టరులో ఊరి పేరు ఉంది. పత్తికొండ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. కొట్టం ముందు వేపచెట్టు, చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల. పాపకు పదహారేళ్లు. సన్నగా ఉంది, ఎత్తు పెరగలేదు, కళ్లు మాత్రం అవే. పెద్దక్క కాన్పుకు వచ్చిందట, బిడ్డను లోపల పడుకోబెట్టి ఉంది. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తింటుందని, నూనె వస్తువులు పడవని, నెలకొక సూది వేయించాలని తల్లి చెప్పింది. బడి మానలేదు. వారంలో వాళ్లు సుగ్గికి పోతారు. పాప మాత్రం ఇక పోదు, అవ్వ దగ్గర ఉంటుంది.

నులక మంచం వేశారు. కూర్చొని ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేరుగా చెప్పేశాను. “ఆ రోజు మీ పాపకు స్కాన్ చేసింది నేను. జబ్బు ఆ రోజే కనపడి ఉంది. నేను చూసుకోలేదు. చూసుంటే పేగు కుళ్లకముందే ఆపరేషన్ అయ్యేది.”

నాయన ఏమీ అనలేదు. లేచి ఎద్దుల దగ్గరికి పోయి, మేత వేసిన గాడిలోనే మళ్లీ మేత వేశాడు. తల్లి నా ముఖం చూస్తూ ఉండిపోయింది. “నేను జెప్తి గదా సార్” అంది చివరికి. కోపంగా అనలేదు. చెప్పానన్నది నిజమేనా అని తననే తాను అడుగుతున్నట్టు అంది. “చెప్పినారమ్మా. పచ్చగా కక్కుతుందని చెప్పినారు. ఏ పచ్చ అని నేను అడగలేదు.” 

“ఆకుపచ్చ” అంది.

గోడ పక్కన కూర్చున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది. “నెల పిల్లప్పుడే అట్ల కక్కుతాండె. నేనే సురకలేపిస్తి. కడుపులో యాదో తిరుక్కుంటాండాదని నాకు అనిపిస్తాండె. అది తప్పా సార్?” చురకలు పెట్టించడం తప్పే అవ్వా, దాంతో చీము పట్టి చచ్చిన బిడ్డలున్నారు, ఇంకెవ్వరికీ పెట్టించొద్దు అన్నాను. అయితే నెల బిడ్డప్పుడే ఏదో ఉందని కనిపెట్టింది ఆమె. ఆ ఊళ్లో, ఆ పట్నాల్లో, ఆ పదకొండేళ్లలో ముందుగా కనిపెట్టింది ఆమె ఒక్కతే. ఆ మాట కూడా చెప్పాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాప మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. “తిరుక్కోవడమంటే ఎట్ల సార్? పేగు ఎట్ల తిరుక్కుంటాది?”

లేచి ఉయ్యాల దగ్గరికి పోయాను. చీర రెండు కొసలూ కలిపి ఒకే కొమ్మకు ముడేసి ఉన్నాయి. ఇది పేగు అనుకో, పైనున్న ముడి దగ్గరే రక్తం వచ్చేది, పొయ్యేది అన్నాను. మిగతావాళ్లకు ఈ కొస ఆ కొమ్మకు, ఆ కొస ఈ కొమ్మకు దూరదూరంగా కట్టి ఉంటుంది, నీకు పుట్టకముందే రెండూ ఒకచోట కట్టి ఉన్నాయి అన్నాను. పాప వచ్చి ఖాళీ ఉయ్యాలను రెండు చేతులతో పట్టుకొని తిప్పింది. ఒక చుట్టు. పైన ముడి కింద చీర సన్నబడింది. రెండో చుట్టు. అక్కడ గుడ్డ తాడులాగా బిగిసి, రంగు ముదురుగా కనపడింది. పాప అటే చూస్తూ ఇంకోసారి తిప్పబోయింది.

“సాలు పాపా” అంది తల్లి. “ఇంగ తిప్పాకు.”